ఎవరూ కింద పడేయలేదు, గిన్నె ఎందుకు పగిలింది?

"తాతా, మొన్న మంచిగనే ఉండె గదా! ఎవరన్న కింద పడేసిన్రా?"

నాలుగో తరగతి చదివే మా మనవరాలు వేపకర్ర గిన్నె మీది చీలికను వేలితో తడుముతూ అడిగిన ప్రశ్న ఇది. హైదరాబాదు కార్వాన్‌లో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో చిన్న లేత్ మిషను ఉంది. మా పేటలో దాన్ని ఖరాదు అంటారు, పాత తెలుగు మాట తరిమెన. వేసవిలో గాలివానకు గల్లీలోని వేపచెట్టు కూలితే రెండు మొద్దులు ఇంటికి తెచ్చుకున్నాను. ఒకదాన్ని నిలువునా రెండు చెక్కలుగా కోసి, ఒక చెక్కను మిషనుకు ఎక్కించి, గిన్నెలా తొలిచి కిటికీ దగ్గర పెట్టాను. మూడో రోజు చూస్తే అంచు నుంచి రెండు అంగుళాలు కిందికి చీలిక పాకి ఉంది.

పిల్ల అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఏదైనా పగలాలంటే దెబ్బ తగలాలి. బయట ఎవరూ కొట్టలేదంటే ఆ దెబ్బ లోపలి నుంచే వచ్చి ఉండాలి. అది ఎక్కడి నుంచి వచ్చిందో నెమ్మదిగా చూద్దాం.

చెరకుగడ అడ్డంగా విరిచినప్పుడు కొసన సన్నని నారలు కనిపిస్తాయి కదా. కర్ర కూడా అలాంటిదే. వేర్ల నుంచి కొమ్మలకు నీరు మోసే సన్నని గొట్టాలు వేలకు వేలు ఒక్కటిగా కట్టిన మోపు అది. చెట్టు కూలిననాడు వాటి నిండా నీరు ఉంటుంది. ఆ నీరు రెండు చోట్ల ఉంటుంది. గొట్టం లోపలి ఖాళీలో కొంత ఉంటే, గొట్టం గోడలకే పట్టి ఉండేది మరికొంత. ముందు ఆరిపోయేది ఖాళీలోని నీరు. అప్పుడు కర్ర తేలికవుతుందే గానీ కొలత మారదు. ఆ తర్వాత గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. కర్ర ముడుచుకునేది అప్పుడే. నానబెట్టిన శనగలు ఉబ్బి, ఎండలో పెడితే మళ్ళీ ముడుచుకుంటాయి. వానాకాలంలో బిగుసుకుపోయే తలుపు ఎండాకాలంలో సులువుగా మూసుకుంటుంది. మన గిన్నెలో జరిగింది కూడా ఇదే.

ముడుచుకుంటే గిన్నె కాస్త చిన్నది కావాలి గానీ, పగలడం ఎందుకు? కర్ర అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు, అందుకని. పొడవునా ముడుచుకునేది దాదాపు ఏమీ ఉండదు. మొద్దును అడ్డంగా కోస్తే కనిపించే వలయాలను చూడండి. మధ్య నుంచి బెరడు వైపుకు ఎంత ముడుచుకుంటుందో, వలయం చుట్టూ దానికి సుమారు రెట్టింపు ముడుచుకుంటుంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం మా మనవరాలు చూడలేదు, నేను చిన్నప్పుడు చూశాను. పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. చల్లారే పట్టా ముడుచుకోవాలని చూస్తుంది, లోపలి చక్రం దారి ఇవ్వదు, అందుకే పట్టా బిగిసి పట్టుకుంటుంది. ఇనుము గనక ఆ లాగుడుకు తట్టుకుంటుంది. మొద్దులో ప్రతి వలయమూ అలాంటి పట్టాయే. పచ్చి కర్ర అంత లాగుడుకు ఓర్చుకోలేక ఎక్కడో ఒకచోట తెగుతుంది. అందుకే ఎండిన మొద్దు కొసన పగుళ్ళన్నీ నడిమి చుక్క నుంచి బయటికి, చక్రం ఆకుల్లా ఉంటాయి.

నేను చేసిన మొదటి పొరపాటు ఇక్కడే ఉంది. చెక్కలో కోసిన ముఖాన్నే గిన్నె మూతిగా పెట్టుకున్నాను. నడిమి చుక్క సరిగ్గా అంచులో ఉండిపోయింది, చీలిక అక్కడే పుట్టింది. కిటికీ దగ్గర పెట్టడం రెండో పొరపాటు. వడగాలికి పైపొర ముందే ఆరి ముడుచుకోబోయింది. లోపలి పొర ఇంకా పచ్చిగానే ఉండి కదలనివ్వలేదు. కుమ్మరి పచ్చికుండను ఎండలో పెట్టకుండా నీడన ఆరబెట్టేది ఈ భయంతోనే.

కారణం తెలిశాక జాగ్రత్త ఏమిటో దానంతట అదే తెలుస్తుంది. నడిమి చుక్కకు అటూ ఇటూ రెండేసి వేళ్ళ మేర తీసేసి, మిగిలిన కర్రతోనే గిన్నె చేయాలి. పచ్చి కర్రను మొదటిసారి మందంగా తొలచాలి. పది అంగుళాల గిన్నె అయితే గోడ అంగుళం, అడుగూ అంతే. గోడ సన్నగా, అడుగు మందంగా ఉంటే ఒకటి ముందు ఆరుతుంది, ఇంకొకటి వెనకబడుతుంది, మళ్ళీ అదే పెనుగులాట. గొట్టాల నోళ్ళు తెరుచుకుని ఉన్న చోట నీరు తొందరగా పోతుంది కాబట్టి అక్కడ కరిగించిన మైనం పూయాలి. ఆ తర్వాత కాగితపు సంచిలో, దాని పొట్టుతోనే కప్పి, నీడన ఉంచాలి. ఆరేలోపు గిన్నె కోడిగుడ్డులా సాగుతుంది. భయపడక్కర్లేదు, మళ్ళీ గుండ్రంగా చెక్కడానికే ఆ అంగుళం మందం ఉంచింది.

ఎప్పుడు ఆరిందో తెలిసేది ఎలా? వంటింటి తూకంతో. మా పగిలిన గిన్నెను కూడా అలాగే సంచిలో పెట్టి, వారం వారం తూచి, బరువు దాని అడుగునే పెన్సిలుతో రాశాం. మొదట 1,460 గ్రాములు ఉన్నది, నాలుగు నెలలకు 1,010 దగ్గర ఆగింది. వరసగా మూడు వారాలు అదే అంకె వచ్చింది. పిల్లకు ఆశ్చర్యం. "గంత నీళ్ళు ఇండ్లనే ఉండెనా తాతా?" ఉండెను బిడ్డా. దాదాపు అర లీటరు నీరు మన కళ్ళముందే, మనకు కనబడకుండా, గాలిలో కలిసిపోయింది.

ఇంకో ప్రశ్న మిగిలింది. గిన్నె బయటివైపు అర్ధచంద్రంలా ఒక లోతు గాటు ఉంది. అది చెక్కే రోజునే పడింది. ఠప్పని చప్పుడై, నా చేతిలోని ఉలి ఎగిరిపడింది. గుమ్మం బయట ఉన్న పిల్ల ఉలిక్కిపడింది. "కర్ర ఎందుకు కోపానికొచ్చింది?" అని అడిగింది.

జియాగూడ మండీలో మేక వీపు నిమిరింది గుర్తుందా? తల నుంచి తోక వైపుకు నిమిరితే చెయ్యి జారుతుంది. తోక నుంచి తలకు నిమిరితే వెంట్రుకలు లేచి అడ్డం పడతాయి. కర్ర నారకూ అలాంటి వాటం ఉంది. గిన్నెలో ఆ నార అడ్డంగా పడుకుని ఉంటుంది. అందువల్ల గిన్నె ఒక్క చుట్టు తిరిగేలోపు ఉలికి రెండుసార్లు నార పక్క, రెండుసార్లు నార కొస ఎదురవుతాయి. మరి ఎటు నుంచి ఎటు చెక్కాలి?

గిన్నెను బోర్లించి, అది పుస్తకాల దొంతర అనుకోండి. పైన చిన్న పుస్తకం, కింద పెద్దది, దాని కింద ఇంకా పెద్దది. పై నుంచి కిందికి చెయ్యి జార్చితే ప్రతి పుస్తకం అంచుకూ కిందిది ఆసరాగా ఉంటుంది. కింది నుంచి పైకి తోస్తే అంచులు లేచిపోతాయి. కాబట్టి బయటివైపు అడుగు నుంచి అంచుకు చెక్కాలి. లోపలికి వచ్చేసరికి గిన్నెను వెల్లకిలా పెట్టి చూడాలి. అక్కడ అంచు నుంచి అడుగుకు దిగాలి. రెండు చోట్లా నీరు ఎటు జారుతుందో ఉలీ అటే వెళ్ళాలి. ఆ రోజు నేను బయటివైపు ఎత్తుకు ఎదురెక్కాను. పైగా ఉలిని ఆనించే కమ్మి గిన్నెకు దూరంగా ఉంది. ఆసరాకు దూరంగా ఉన్న ఉలి కొస మీద కర్ర బలంగా తన్నితే, ఏ చెయ్యీ ఆపలేదు.

అలా జరిగితే మొదట చేయాల్సింది మిషను ఆపడం. గిన్నె పట్టు సడలిందేమో చూడాలి, ఉలికి పదును పెట్టాలి, కమ్మిని దగ్గరికి జరపాలి. తర్వాత ఉలి పదునుకు వెనక ఉండే ఏటవాలు భాగాన్ని ముందు కర్రకు ఆనించి, పిడిని మెల్లగా ఎత్తుతూ పదునును కర్రకు తగిలించాలి. అప్పుడు పొట్టు రిబ్బనులా వస్తుంది. గాటు తేలికైనదైతే నాలుగు పలుచని పొరలతో పోతుంది. లోతైనదైతే దానికోసం గోడంతా పలుచన చేయకూడదు. ఆ గాటు ఉన్న ఎత్తులోనే గిన్నె చుట్టూ ఒక గాడి తీస్తే, అది మొదటి నుంచి అనుకున్న నగిషీలా ఉంటుంది. మా గిన్నె నడుముకు గాడి వచ్చింది అలాగే.

"మరి పగిలినదాన్ని పారేస్తవా?"

పారేయాలా వద్దా అన్నది ముందు గిన్నెనే అడగాలి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటాం కదా, అలా కొట్టి చూడాలి. ఖంగుమంటే ఉంచవచ్చు. బొంగురుగా పలికితే, లేదా చీలిక ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయి ఉంటే, దాన్ని మిషను మీద తిప్పనేకూడదు. ముక్కలై ముఖానికి తగులుతుంది. మాది చిన్న చీలిక, ఖంగుమంది. అంచును రెండు అంగుళాలు తీసేస్తే చీలికే ఉండదు, గిన్నె పళ్ళెంలా మిగులుతుంది. లేదంటే చీలికను నింపాలి. పిల్ల నింపమంది.

కర్ర పూర్తిగా ఆరాకే నింపాలి. ఆరకముందు నింపితే చీలిక మళ్ళీ కదిలి, నింపినది ఊడిపోతుంది. ముందు పలుచని జిగురు లోపలికి పోనిచ్చి ఆరనిచ్చాం. తర్వాత లాడ్ బజార్ నుంచి ఎర్ర లక్క తెచ్చాం. అక్కడ గాజులు చేసేది లక్కతోనే. ఆ హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్క అంటే మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే పదార్థం. వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. దీపం మీద మెత్తబరచి చీలికలో అదిమి, చల్లారాక తక్కువ వేగంతో తిప్పి నునుపు చేశాం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో కర్ర బొమ్మలు చేసేవాళ్ళకు దీపం కూడా అక్కర్లేదు. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని ఒత్తిపడతారు. చలికాలంలో అరచేతులు రుద్దుకుంటే పుట్టే వేడి లాంటిదే అక్కడా పుట్టి, లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేడికి మెత్తబడే గుణం వల్లే లక్క పూసిన గిన్నెలో వేడి కూర వేయకూడదు. పువ్వులకో, పల్లీలకో ఉంచుకోవాలి.

లోపాన్ని అందంగా మలచడం ఈ నేలకు కొత్త కాదు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకూ హైదరాబాదుకూ మధ్య వర్తకుల బిడారులు దిగిన చోటు మా కార్వాన్, వజ్రాల బేరాలు సాగిన పేట. 17వ శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, దక్కను గనుల దగ్గర వజ్రాలకు సానపట్టడం చూసి రాసిపెట్టాడు. మచ్చలేని రాయి అయితే బరువు తగ్గుతుందని ఎక్కువ చెక్కరట. మచ్చో చీలికో ఉంటే రాయి నిండా పలకలు తీసి, ఏదో ఒక పలక అంచు దాని మీదుగా వచ్చేట్టు చూస్తారట. రాయిని బాగా చదివినవాళ్ళకే అది సాధ్యం. కర్రనైనా అంతే, ఎందుకు పగిలిందో తెలిసినవాళ్ళ చేతిలోనే అది మళ్ళీ గిన్నె అవుతుంది.

ఎర్ర గీత ఉన్న గిన్నె ఇప్పుడు మా అలమరలో ఉంది. మొన్న రెండో మొద్దు దగ్గరికి వెళ్ళేసరికి పిల్ల సుద్దముక్కతో నాకంటే ముందే అక్కడ కూర్చుని ఉంది. నడిమి చుక్కకు అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు పెట్టి కొలిచి, రెండు గీతలు గీసింది.

"ఈడికెళ్ళి ఆడిదాంక తీసెయ్యి తాతా," అంది.