లైన్ క్లియర్ ఉంటేనే
పిల్లల ఐసీయూల్లో రక్తానికి సోకే ఇన్‌ఫెక్షన్లను ఆపుతున్నది కొత్త మందులు కాదు, రోజువారీ క్రమశిక్షణే

ఖరగ్‌పూర్‌లో లైన్ అంటే రైలు పట్టాలే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఈ ఊళ్లో, లైన్ క్లియర్ కానిదే బండి కదలదని చిన్నపిల్లలకూ తెలుసు. పిల్లల ఐసీయూలో మాత్రం ఆ మాటకు అర్థం వేరు. మెడ, ఛాతీ లేదా తొడ దగ్గర పెద్ద సిరలోకి ఎక్కించే సన్నని గొట్టం సెంట్రల్ లైన్. మందులు, పోషకాలు దాని గుండానే వెళతాయి. శుభ్రత లోపిస్తే బ్యాక్టీరియాదీ అదే దారి.

ముప్పు చిన్నదేమీ కాదు. 2011-14 మధ్య ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో చేరిన 13,530 మంది నవజాత శిశువులను పరిశీలిస్తే 14.3 శాతం మందిలో సెప్సిస్ బయటపడింది. రక్త పరీక్షలో క్రిమి నిర్ధారణ అయిన శిశువుల్లో దాదాపు సగం మంది దక్కలేదు. ఎక్కువగా కనిపించిన క్రిమి ఎసినెటోబ్యాక్టర్. ఆసుపత్రుల్లో తిష్ఠ వేసే ఈ క్రిమి చాలా యాంటీబయాటిక్‌లకు లొంగదు.

మరి విరుగుడు? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డాక్టర్ పీటర్ ప్రోనోవోస్ట్ బృందం ఐదు సూత్రాలను అమలు చేయించింది. చేతులు కడుక్కోవడం, గొట్టం వేసేటప్పుడు మాస్కు, గౌను, గ్లౌజులు ధరించి రోగిని పూర్తిగా కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయడం, వీలైనంతవరకు తొడ సిరను వదిలేయడం, అవసరం తీరగానే గొట్టం తీసేయడం. 103 ఐసీయూల్లో 18 నెలలకు ఇన్‌ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయని 2006లో ప్రకటించారు.

పిల్లల విషయంలో ఇదొక్కటే చాలదు. 29 పిల్లల ఐసీయూల అనుభవాన్ని క్రోడీకరించిన 2010 నాటి అమెరికా అధ్యయనంలో ప్రతి వెయ్యి లైన్-రోజులకు ఇన్‌ఫెక్షన్లు 5.4 నుంచి 3.1కి తగ్గాయి. ఆ తేడా తెచ్చింది గొట్టం వేసిన క్షణం కాదు, ఆ తర్వాతి రోజువారీ సంరక్షణ. కట్టు మార్చడం, మందు ఎక్కించే ప్రతిసారీ మూతను రుద్ది శుభ్రం చేయడం లాంటి పనులవి. అంటే భారమంతా నర్సులదే. ఒక్కో నర్సుకు అప్పగించే పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ ముందుగా కుంటుపడేదీ ఈ పనులే.

పెద్ద నగరాల్లోనే ఇవి సాధ్యమనుకోనక్కర్లేదు. ఖరగ్‌పూర్‌లాగే ఆగ్నేయ రైల్వే పరిధిలోని పురూలియాలో, జిల్లా ఆసుపత్రిలో 2003లో మొదలైన నవజాత శిశు సంరక్షణ విభాగం తర్వాత దేశానికే నమూనా అయింది.

బిడ్డ ఐసీయూలో ఉన్న తల్లిదండ్రులు బిల్లు గురించి అడుగుతారు, మందుల గురించి అడుగుతారు. రోజూ అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: ఈ గొట్టం ఇవాళ కూడా అవసరమేనా?