ఆంగ్లభాష యెవరి సొత్తు?

మన దేశమున ఆంగ్లభాషను గూర్చి రెండు భ్రమలు చిరకాలముగా వ్యాపించియున్నవి. ఇంగ్లండులో పుట్టినవారు పలుకునదే శుద్ధమైన ఆంగ్లమనియు, తక్కినవారు పలుకునదెల్ల దానికి వికారమనియు నొక భ్రమ. ఆ భాష పట్టువడవలెనన్న తక్కిన విద్యలన్నియు నా భాషలోనే నేర్వవలెననునది రెండవ భ్రమ. మొదటిది మన యువకులను సభలో నోరెత్తనీయకున్నది. రెండవది పసిపిల్లల చదువును మొదటనే చెరచుచున్నది. ఈ రెంటిని ఖండించుటకు ఆంగ్లభాషా చరిత్రయే చాలును గావున, దానిని కొంత మన పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఆంగ్లము పుట్టినది మొదలు రాణిగా నుండలేదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప, రాజసభలో ఫ్రెంచియు, మఠములలో లాటినును చెల్లుబడి యయ్యెను. ఆంగ్లము పొలములకును వంటయిండ్లకును పరిమితమయ్యెను. మూడువందల యేండ్లు గడచిన తరువాత, 1362లో, న్యాయస్థానములలో వాదములు ఆంగ్లమున జరుగవలెనని యొక శాసనము వెలువడెను. తమకు తెలియని భాషలో వ్యవహారము నడచుటచే, తమ పక్షమునను తమకు ప్రతికూలముగాను ఏమి చెప్పబడుచున్నదో జనులకు బోధపడుట లేదని యా శాసనమే యొప్పుకొన్నది. వింత యేమనగా, ఆ శాసనమును గూడ ఫ్రెంచిలోనే వ్రాసిరి! తమ భాషకు గౌరవము నిచ్చుటకు పరభాషలో నుత్తరువు వ్రాసికొనుట మన కచేరీలకును క్రొత్త గాదు.

ఇక 'శుద్ధ' భాష సంగతి. 1476లో వెస్టుమినిస్టరున ముద్రాయంత్రమును నెలకొల్పిన కాక్స్టను, 1490లో తాను ప్రకటించిన గ్రంథపు పీఠికలో నొక ముచ్చట చెప్పినాడు. థేమ్సు నదిపై ఓడలో బోవుచున్న వర్తకులు గాలి లేక యొడ్డునకు దిగి, ఒక యిల్లాలిని 'ఎగ్స్' కావలెనని యడిగిరి. తనకు ఫ్రెంచి రాదని యామె బదులు చెప్పెను. అడిగినవానికిని ఫ్రెంచి రాదు. వానికి కోపము వచ్చెను. తుదకు వేరొకడు 'ఐరెన్' అనగానే యామెకు బోధపడెను. రెండును కోడిగ్రుడ్లకు పేళ్లే. ఒక్క దీవిలో, ఒక్క జాతివారికే యొకరి మాట యొకరికి పరభాషగా తోచిన కాలమది. నేడు లోకమంతట నిలిచిన మాట 'ఎగ్స్'. పాతదైన 'ఐరెన్' పోయినది. శుద్ధాశుద్ధములను నిర్ణయించినది వ్యవహారమే గాని శాస్త్రము గాదు.

అమెరికనుల చరిత్రయు నిట్టిదే. 1755లో లండనున జాన్సను నిఘంటువు వెలువడగా, 1828లో అమెరికాలో నోవా వెబ్స్టరు తన నిఘంటువును ప్రకటించి, కొన్ని పదముల వర్ణక్రమమును మార్చి, మా భాషకు మేమే ప్రమాణమని చాటెను. అమెరికనులు శరదృతువును 'ఫాల్' అనుట విని నవ్వు ఆంగ్లేయులు గలరు. కాని యది పదునారవ శతాబ్దమున ఇంగ్లండులోనే వాడుకలో నుండిన మాట. ఇల్లు విడిచిపోయినవారు దాచుకొన్న సొమ్మును ఇంటనున్నవారు మరచిపోయిరి.

షేక్స్పియరు కాలమున ఈ భాష మాటాడువారు ఏబది, డెబ్బది లక్షల మధ్య నుండిరని పండితుల అంచనా. నేడు వారి సంఖ్య సుమారు 150 కోట్లు. అందు మాతృభాషగా గలవారు ఇంచుమించు 40 కోట్లే, తక్కినవారందరు నేర్చుకొన్నవారే. ఓడలు, వలస రాజ్యములు, వర్తకము దీనిని తొలుత వ్యాపింపజేసినవి. పిదప అమెరికా ధనబలమును విజ్ఞానమును దీనిని నిలిపినవి. కాశ్మీరమున జన్మించిన భాషాశాస్త్రజ్ఞుడు బ్రజ్ కాచ్రూ 1985లో ఆంగ్లలోకమును మూడు వలయములుగా విభజించి, భారతము, నైజీరియా, సింగపూరు మొదలగు దేశముల ఆంగ్లములు తమ తమ నియమములతో స్వతంత్రముగా బ్రతుకుచున్నవని వాదించెను. పశ్చిమాఫ్రికా జనుల పిడ్జిను భాషలో 2017 నుండి బి.బి.సి. వారే వార్తలు ప్రకటించుచున్నారు. మన లక్షయు కోటియు ఆంగ్ల నిఘంటువుల కెక్కినవి. మన పందికొక్కు సహితము 'బాండికూట్' అను పేరుతో ఆ భాషలో స్థిరనివాస మేర్పరచుకొన్నది. ఆస్ట్రేలియాలో వేరొక జంతువునకు సైతము ఆ పేరు సంక్రమించినది.

అట్లయిన నెవరి కెట్లు తోచిన నట్లు మాటాడవచ్చునా? అట్లు గాదు. 1990 జనవరి 25న కొలంబియా నుండి న్యూయార్కునకు వచ్చిన యొక విమానము, వాతావరణము బాగులేక చాలసేపు ఆకాశమున నిలుపబడెను. ఇంధన మయిపోవుచున్నదని విమానమువారు తెలిపిరే గాని, అత్యవసర స్థితిని సూచించు నిర్ణీత పదమును వాడలేదు. క్రిందివారు ప్రమాద తీవ్రతను గ్రహింపలేదు. విమానము కూలి 73 మంది మరణించిరి. ఇందు లోపించినది ఉచ్చారణ సొగసు గాదు, అర్థస్పష్టత. 2008 నుండి అమలులోనున్న అంతర్జాతీయ నియమములు గూడ విమానచోదకునికి దొర యాసను విధించుట లేదు. మాతృభాష జాడ యున్నను వినువానికి స్పష్టముగా బోధపడిన జాలునని చెప్పుచున్నవి. మన విద్యార్థులకును ఇదియే కొలబద్ద కావలెను.

ఇక రెండవ భ్రమ. 2011 జనాభా లెక్కలలో ఆంగ్లమును మాతృభాషగా వ్రాయించుకొన్నవారు దేశమంతట సుమారు 2 లక్షల 60 వేలమందియే. అయినను ఉన్నత న్యాయస్థానములు, వైద్యము, యంత్రశాస్త్రము, పెద్ద యుద్యోగములు ఆ భాష చేతిలోనున్నవి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము దానికి పదునైదేండ్ల గడువు నిచ్చెను. 1963 చట్టము ఆ గడువు దాటియు దానిని కొనసాగనిచ్చెను. కావున దానిని నేర్వవలదనుట పేదవానిని మోసగించుటయే. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును విధించినప్పుడు, ధనికుల బిడ్డలకు దక్కునది మా బిడ్డలకేల దక్కరాదని పలువు రడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. 2020 ఏప్రిలులో హైకోర్టు ఆ యుత్తరువులను కొట్టివేసినను, ప్రశ్న మాత్రము నిలిచియేయున్నది.

దానికి సమాధానము ఆంగ్లమును నేర్చుటకును, ఆంగ్లములో సమస్తమును నేర్చుటకును గల భేదమును గ్రహించుటలో నున్నది. హాలెండు, స్వీడను దేశముల బిడ్డలు లెక్కలు, చరిత్ర తమ భాషలోనే చదివి, ఆంగ్లమును ఒక భాషగా చక్కగా అభ్యసించి, దానిని లోకము మెచ్చునట్లు మాటాడుచున్నారు. అచట లోపము లేనిది ఉపాధ్యాయుని శిక్షణయందు. ఇచటనో, తానే తడబడు నుపాధ్యాయుడు అర్థము కాని వాక్యములను వల్లె వేయింపగా, బాలుడు లెక్కయు రాక, ఆంగ్లమును రాక, తెలుగును మరచి బయటికి వచ్చుచున్నాడు.

బిడ్డల చదువునకై పొలములమ్ముకొను తండ్రులకు మా మనవి యొక్కటే. బడిపేరును, మెడపట్టీని చూచి మోసపోకుడు. మీ బిడ్డ తాను చదివిన పాఠమును తెలుగున మీకు చెప్పగలడా, ఆంగ్లమున నాలుగు వాక్యములు తనంతట వ్రాయగలడా యని పరీక్షింపుడు. ఊరి బడికి మంచి ఆంగ్లోపాధ్యాయుని కోరుడు, అందుకై పోరాడుడు. పెద్దకాలువ నీరు చేనికి పారించుకొనువాడు వివేకి. ఆ నీరు వచ్చునుగదా యని తన చెరువుకట్టను తెంపుకొనువాని నేమందుము?