సహకార సూత్రాలు – వాటిని కాపాడే విద్య

సహకారాన్ని ఉర్దూలో ‘ఇమ్దాద్-ఎ-బాహమీ’ అంటారు. ఒకరికొకరు తోడ్పడటమని దాని అర్థం. రెండు భాషలవారమూ కలిసి చదువుకొనే మన కళాశాలలో ఈ రెండు మాటలూ ఒకే భావాన్ని తెలుపుతున్నాయి. అయితే సహకార సంఘం అనగానే మనలో చాలామందికి ఎరువుల గిడ్డంగి, పాల కేంద్రం, అప్పుల చిట్టా మాత్రమే జ్ఞాపకం వస్తాయి. వాటి వెనుక గల సూత్రాలు ఏ అవసరం నుండి పుట్టినవో, వేటి వలన నిలుస్తున్నవో తెలిసికొనుట విద్యార్థులమైన మనకు అవసరం.

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 1844వ సంవత్సరం డిసెంబరు 21వ తేదీన 28 మంది సభ్యుల సంఘం ఒక చిన్న దుకాణం తెరిచింది. వారిలో పలువురు నేతపనివారు. కూలి పెంపుకై జరిగిన ప్రయత్నాలు ఫలించక, అరువులిచ్చే వర్తకుల చేతిలో చిక్కి, కల్తీ సరుకు తింటున్న కాలమది. వారు కూడబెట్టిన మూలధనం 28 పౌన్లు. అమ్మకానికి పెట్టినవి పిండి, వెన్న, చక్కెర, ఓట్ పిండి, కొవ్వొత్తులు.

వారి నియమాలను పరిశీలిస్తే, ప్రతి నియమమూ ఒక బాధకు సమాధానమని తెలుస్తుంది. కల్తీకి సమాధానం స్వచ్ఛమైన సరుకు, సరియైన తూకం. రుణభారానికి సమాధానం నగదు బేరం. చేతిలో రొక్కం లేని నిరుపేదకు ఈ నియమం కష్టమే అయినను, సంఘం మునగకుండుటకు అది అవసరమైనది. పెట్టుబడికి పరిమితమైన వడ్డీ మాత్రమే ఇచ్చి, మిగిలిన లాభాన్ని ఎవరు ఎంత కొన్నారో ఆ నిష్పత్తిలో పంచారు. వాటాలెన్ని ఉన్నను మనిషికి ఒకే ఓటు. ధనం సేవకునిగా ఉండవలెను గాని యజమాని కారాదు అన్నదే దీని సారాంశం.

అనంతర కాలంలో వారు లాభంలో నూటికి రెండున్నర వంతు విద్యకు కేటాయించి, గ్రంథాలయం, పఠన మందిరం నడిపారు. కిరాణా దుకాణానికి గ్రంథాలయం ఎందుకని మనకు సందేహం కలుగవచ్చు. దానికి సమాధానం అదే పట్టణంలో దొరుకుతుంది. 1854లో అక్కడి సహకారులు వస్త్రోత్పత్తికి మరొక సంఘం స్థాపించారు. మిల్లు లాభంలో పనివారికి కూడ భాగమివ్వవలెనని నియమం పెట్టుకున్నారు. మిల్లు పెరిగేకొద్దీ కేవలం లాభాపేక్షతో వాటాలు కొన్నవారు అధికమయ్యారు. 1862లో పనివారి భాగం రద్దయింది. దానిని రద్దు చేసినది ప్రభుత్వం కాదు, శత్రువు కాదు, వాటాదారుల ఓట్లే. సభ్యుల సంఖ్య పెరిగినంత మాత్రాన సూత్రం బలపడదని ఈ ఉదంతం మనకు బోధిస్తున్నది.

1895లో లండనులో ఏర్పడిన అంతర్జాతీయ సహకార సమాఖ్య ఈ సూత్రాలను 1937, 1966, 1995 సంవత్సరాలలో సమీక్షించింది. ప్రస్తుతం అవి ఏడు: స్వచ్ఛందమైన, అందరికీ తెరచిన సభ్యత్వం, సభ్యుల ప్రజాస్వామిక అదుపు, సభ్యుల ఆర్థిక భాగస్వామ్యం, స్వయంప్రతిపత్తి, విద్య, శిక్షణ, సమాచారం, సంఘాల మధ్య సహకారం, సమాజంపట్ల శ్రద్ధ. వీటికి పునాదిగా స్వయంసహాయం, బాధ్యత, ప్రజాస్వామ్యం, సమానత్వం, న్యాయం, సంఘీభావం అనే విలువలను పేర్కొన్నారు.

మన దేశంలో సహకారం 1904 నాటి పరపతి సంఘాల చట్టంతో, అనగా ప్రభుత్వం చేయి పట్టుకొని, నడక నేర్చింది. పట్టుకొన్న చేయి నడిపించగలదు, ఆపగలదు కూడ. కావుననే ప్రభుత్వ వాటాధనం లేకుండ సభ్యులే నడుపుకొనే సంఘాలకై ఆంధ్రప్రదేశ్‌లో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ పేరులో ‘ఇమ్దాద్-ఎ-బాహమీ’ అర్థమే ఉండుట గమనార్హం. 2011 నాటి 97వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 43బి అధికరణం సంఘాల స్వచ్ఛంద స్థాపనను, స్వయంప్రతిపత్తిని, ప్రజాస్వామిక అదుపును ప్రోత్సహించవలెనని రాజ్యానికి నిర్దేశించింది.

చట్టం స్వేచ్ఛ ఇవ్వగలదు గాని సర్వసభ్య సమావేశానికి సభ్యుని తీసికొనిరాలేదు. లెక్కలు చదివి ప్రశ్నించు ధైర్యమూ ఇవ్వలేదు. అది విద్య చేయవలసిన పని. ఏడు సూత్రాలలో ఐదవది తక్కిన ఆరింటికి కావలి అని మేము భావించుటకు కారణమిదే.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి ఒకటి కలదు. నోటు పుస్తకాలు, కలాలు అమ్మే ఒక చిన్న విద్యార్థి సహకార భాండారానికి అనుమతి ఇవ్వండి. దాని వాటా స్వల్పంగా ఉండనీయండి. ప్రతి సభ్యునికి ఒకే ఓటు ఉండనీయండి. లెక్కల పుస్తకం మాత్రం అందరికీ తెరచి ఉంచవలెను. అక్కడ మిగిలే రూపాయలు కొద్దివే కావచ్చు. కాని జమాఖర్చు చదువగలిగి, సభలో లేచి ప్రశ్న అడుగగలిగిన విద్యార్థి రేపు తన ఊరి సంఘంలో మౌనంగా కూర్చొనడు.