గర్భసంచిలో గడ్డ ఉన్నా బిడ్డకు చోటుంటుంది

గర్భిణికి తీసిన స్కాన్‌లో ఫైబ్రాయిడ్ ఉందని తెలియగానే ఇంట్లో ముందుగా వచ్చే అనుమానం, అది క్యాన్సరేమోనని. కాదు. గర్భసంచి గోడలో ఎక్కువ భాగం కండరమే. ఆ కండరం ఒకచోట అదుపు తప్పి పెరిగి, చెక్కలో ముడిలా గట్టిపడితే అదే ఫైబ్రాయిడ్. అది వేరే అవయవాలకు పాకదు. అలాంటి గడ్డ చివరికి క్యాన్సరని తేలడం చాలా చాలా అరుదు. యాభై ఏళ్లు వచ్చేసరికి పదిమంది ఆడవాళ్లలో ఏడెనిమిది మందికి ఇవి ఉంటాయని అమెరికాలో స్కాన్లు తీసి చూసిన పరిశోధన ఒకటి తేల్చింది. వాళ్లలో చాలామందికి తమకు గడ్డ ఉన్న సంగతే తెలియదు. గర్భం వచ్చాక పుట్టుకొచ్చిందని అనుకునే గడ్డ సాధారణంగా అంతకుముందు నుంచే ఉంటుంది. ఇప్పుడు స్కాన్ తీశారు కాబట్టి కనబడింది. మన అమ్మమ్మల్లోనూ ఉండే ఉంటాయి. వాళ్లకు మూడో నెలలో స్కాన్ తీసినవారు లేరు.

బిడ్డతో పాటు గడ్డా పెరిగిపోతే ఇక బిడ్డకు చోటెక్కడ అన్నది రెండో భయం. గర్భం లేనప్పుడు డెబ్బై గ్రాములకు మించని గర్భసంచి నెలలు నిండేసరికి కిలో దాకా బరువు పెరుగుతుంది. దానికి రక్తం నిమిషానికి అర లీటరు పైనే అందుతుంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ హార్మోన్లు కూడా ఎక్కువగానే ఉంటాయి. ఇంత పోషణ దొరికినప్పుడు గడ్డ పెరగకుండా ఎలా ఉంటుందని అనిపించడం సహజం. కానీ వరసగా స్కాన్లు తీసి చూస్తే సగానికి పైగా గడ్డల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ ఉండదు. పెరిగేవి కూడా ఎక్కువగా మొదటి మూడు నాలుగు నెలల్లోనే పెరిగి అక్కడ ఆగుతాయి. కాన్పయ్యాక చాలా గడ్డలు చిన్నవవుతాయి. పెద్ద గడ్డ ఉన్నవాళ్లకు పొట్ట నెలలకు మించి కనబడవచ్చు. దాన్ని చూసి కవలలని లెక్కలు వేసేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లలో టేపుతో పొట్ట కొలిచి బిడ్డ ఎదుగుదల అంచనా వేస్తే తప్పుతుంది. స్కాన్ తీసే చూడాలి.

రిపోర్టులో చాలామంది చూపు గడ్డ ఎన్ని సెంటీమీటర్లుందో అక్కడే ఆగిపోతుంది. సైజు ముఖ్యమే, కానీ అది ఎక్కడుందన్నది అంతకన్నా ముఖ్యం. సబ్‌సీరోసల్ అని రాస్తే గర్భసంచి బయటివైపుకు పొడుచుకొచ్చిందని అర్థం. దానివల్ల బిడ్డకు పెద్దగా ఇబ్బంది ఉండదు. ఇంట్రామ్యూరల్ అంటే గోడ మధ్యలో ఉన్నట్టు. ఎక్కువగా కనిపించేవి ఇవే. సబ్‌మ్యూకోసల్ అంటే బిడ్డ ఉండే లోపలివైపుకు తోసుకొచ్చింది. గర్భం నిలవడంలో, మాయ అంటుకోవడంలో చిక్కులు తెచ్చేవి ముఖ్యంగా ఇవే. ఇంకో రెండు సంగతులు డాక్టరును అడిగి తెలుసుకోవాలి. మాయ సరిగ్గా గడ్డ మీదే అంటుకుని ఉందా? గడ్డ గర్భసంచి కింది భాగంలో, బిడ్డ బయటికి వచ్చే దారిలో ఉందా? రెండింటికీ లేదని జవాబొస్తే సగం బెంగ తీరినట్టే. మాయ గడ్డ మీద ఉంటే అది ముందే ఊడి రక్తస్రావమయ్యే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. అలాంటివాళ్లకు ఆఖరి నెలల్లో స్కాన్లు ఎక్కువసార్లు తీస్తారు. అయిదో నెలలో తీసే టిఫ్ఫా స్కాన్‌లో ఈ వివరాలన్నీ స్పష్టంగా తెలుస్తాయి. మొదటి స్కాన్‌లో ఫైబ్రాయిడ్ అనుకున్నది ఆ కాసేపు గర్భసంచి బిగుసుకున్న చోటని తర్వాతి స్కాన్‌లో తేలిన సందర్భాలూ ఉన్నాయి.

ఫైబ్రాయిడ్ ఉన్న గర్భిణిని నిజంగా బాధపెట్టేది నొప్పి. గడ్డ అయిదు సెంటీమీటర్లు దాటితే ఈ బాధ వచ్చే అవకాశం ఎక్కువ. నాలుగో నెల నుంచి ఏడో నెల లోపు ఒకరోజు పొట్టలో ఒకేచోట, వేలు పెట్టి చూపించగలిగినంత కచ్చితంగా నొప్పి మొదలవుతుంది. చెయ్యి వేస్తే ఓర్చుకోలేరు. కొందరికి సన్నగా జ్వరం, వాంతులు కూడా ఉంటాయి. గడ్డకు చాలినంత రక్తం అందక దాని మధ్యభాగం చచ్చుబడటం వల్ల ఇలా జరుగుతుంది. డాక్టర్లు దీన్ని రెడ్ డీజెనరేషన్ అంటారు. చూసేవాళ్లు బిడ్డకేదో అయిందని హడలిపోతారు కానీ, చాలావరకు బిడ్డ క్షేమంగానే ఉంటుంది. విశ్రాంతి, సెలైన్, పారాసిటమాల్‌తో కొద్ది రోజుల్లో నొప్పి తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోతే డాక్టర్లు కొద్ది రోజుల పాటు ఐబుప్రొఫెన్, ఇండోమెథసిన్ లాంటి మందులిస్తారు. నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లను అణిచేవి కాబట్టి ఇవి బాగా పనిచేస్తాయి. చిక్కల్లా ఇవే మందులు మెడికల్ షాపులో అడగ్గానే దొరకడం. 20 వారాలు దాటాక వీటిని డాక్టరు చెప్పనిదే వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చు. 30 వారాల తర్వాతైతే బిడ్డ గుండె దగ్గర, పుట్టేదాకా తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. గడ్డ కరిగిస్తామని చెప్పే పొడులు, కషాయాల జోలికి గర్భంతో ఉన్నప్పుడు అసలే వెళ్లకూడదు.

పొట్టలో వచ్చే ప్రతి నొప్పినీ గడ్డ ఖాతాలో వేసి ఊరుకోవడం కూడా అంతే ప్రమాదం. అపెండిక్స్ నొప్పి కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, నెలలు నిండకుండా వచ్చిన పురిటి నొప్పులు కావచ్చు. రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, పొట్ట రాయిలా బిగిసి వదలకపోయినా, నొప్పులు విడతలు విడతలుగా వస్తున్నా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా చూపించుకోవాలి. పెద్ద గడ్డ రక్తనాళాలను నొక్కితే కాలిలో రక్తం గడ్డకట్టవచ్చు. మూడు నాలుగు నెలల మధ్య మూత్రం బిగిసిపోవడం కూడా తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు.

ఇక కాన్పు. ఫైబ్రాయిడ్ ఉంటే సిజేరియన్ తప్పదన్న మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఇంత తేలిగ్గా కత్తి పట్టే చోట రిపోర్టులో ఫైబ్రాయిడ్ అన్న మాట కనబడితే అది మరో సాకు అయిపోతుందేమోనని నా అనుమానం. అంతర్జాతీయ పరిశోధనలను కలిపి చూసిన 2008 నాటి సమీక్ష ఒకటి ఉంది. అందులో ఫైబ్రాయిడ్లు ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి సిజేరియన్ జరిగింది. బిడ్డ ఎదురుకాళ్లతోనో అడ్డంగానో ఉన్నవాళ్లు మాత్రం 13 శాతమే. సిజేరియన్‌కు వేరే కారణాలూ ఉంటాయి, నిజమే. అయినా ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని గడ్డ ఒక్కటే పూర్తిగా వివరించలేదు. గడ్డ బిడ్డ దారికి అడ్డుగా ఉంటే, బిడ్డ తల కిందికి తిరగకపోతే, మాయ కిందికి జారి ఉంటే ఆపరేషన్ చేయాల్సిందే. ఇవేవీ లేనివాళ్లు మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. డాక్టరు ఆపరేషన్ అన్నప్పుడు కారణం గడ్డ ఉండటమా, గడ్డ ఉన్న చోటా అని అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

ఎలాగూ పొట్ట కోస్తున్నారు కదా, ఆ చేత్తోనే గడ్డ కూడా తీసేయమని కుటుంబాలు అడుగుతుంటాయి. ఆ సమయంలో గర్భసంచికి రక్తం ఉధృతంగా వస్తుంటుంది కాబట్టి గోడ లోపలి పెద్ద గడ్డను కదిలిస్తే రక్తస్రావం అదుపు తప్పవచ్చు. కాడతో వేలాడే గడ్డనో, కోత పెట్టాల్సిన చోట అడ్డొచ్చినదాన్నో తీస్తారు. మిగతావి తీయాలా వద్దా అన్నది సర్జన్ అనుభవాన్ని, అక్కడున్న వసతులను బట్టి ఉంటుంది.

రక్తం గురించి ముందే ఆలోచించాలి. బిడ్డ, మాయ బయటికి వచ్చాక గర్భసంచి కండరం బిగుసుకుని రక్తనాళాలను నొక్కేస్తేనే రక్తం ఆగుతుంది. గడ్డ ఉన్నచోట ఆ బిగింపు చాలకపోవచ్చు. ఆపడానికి ఇంజెక్షన్లున్నాయి, మాత్రలున్నాయి. కానీ అప్పటికే రక్తహీనత ఉన్న తల్లికి కొద్దిపాటి నష్టం కూడా భారమే. పైన చెప్పిన సర్వేలోనే దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందుకే ఫైబ్రాయిడ్ ఉన్న గర్భిణికి ఐరన్ మాత్రలే అన్నిటికన్నా ముఖ్యమైన మందు అంటాను. టీ, కాఫీ, క్యాల్షియం మాత్ర వీటికి కాస్త దూరంగా వేసుకోవాలి. హిమోగ్లోబిన్ ఎంతుందో కనుక్కుంటూ ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే కార్యక్రమం ఉంది, అక్కడ చేయించుకోవచ్చు.

మన పద్ధతిలో ఇంకో మెలిక ఉంది. మొదటి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకెళ్తారు. ఆరు నెలలు చూసిన డాక్టరు ఒక ఊళ్లో, కాన్పు చేసే డాక్టరు ఇంకో ఊళ్లో. చీరలు, గాజులతో పాటు స్కాన్ ఫైలు కూడా పెట్టెలోకి వెళ్లాలి. పుట్టింటి ఊళ్లో కాన్పు చేసే ఆసుపత్రికి రక్తం అందుబాటులో ఉందా, అవసరమైతే రాత్రిపూట ఆపరేషన్ చేయగలరా అని సీమంతం ముహూర్తం కంటే ముందే వాకబు చేయాలి.

కాన్పయ్యాక గడ్డ సంగతి తేల్చేయాలన్న తొందర వద్దు. మూడు నుంచి ఆరు నెలలు గడిచాక మళ్లీ స్కాన్ తీస్తే అసలు సైజు తెలుస్తుంది. అప్పుడు కూడా బాధ పెట్టని గడ్డను వదిలేయవచ్చు. బిడ్డలు చాలనుకుంటే గర్భసంచే తీయించేసుకోమన్న సలహా మన ఊళ్లలో చాలా చవకగా దొరుకుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతముంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. ఆ సలహా ఎవరిచ్చినా ఇంకో డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు. రక్తస్రావం తగ్గించే మందులున్నాయి, గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ ఉంది. మళ్లీ బిడ్డ కావాలనుకుని ఆ ఆపరేషన్ చేయించుకుంటే, గర్భసంచి గోడలో కోత ఎంత లోతుకు వెళ్లిందో డిశ్చార్జి కాగితంలో రాయించుకోవాలి. లోతైన కోత ఉన్నవాళ్లకు తర్వాతి కాన్పులో నొప్పులు రాకముందే సిజేరియన్ చేస్తారు. కాన్పు ఎలా చేయాలో, ఏ వారంలో చేయాలో డాక్టరు నిర్ణయించేది ఆ కాగితం చూసే.