కీచురాళ్ళ పెట్టె

అమెరికా దక్షిణ రాష్ట్రములగు జార్జియా, అలబామా, మిసిసిపీలందు చెరువుగట్టున గాలము వేయువారి ప్రక్కన సన్నని తీగెలతో అల్లిన గొట్టమో, చిన్న పెట్టెయో తరచుగా కానవచ్చును. దానిలో కదలాడునవి కీచురాళ్ళు. రాత్రులందు మన వంటయింటి మూల చేరి నిద్ర చెడగొట్టు జాతికి చుట్టములే. వీనిని ఎరగా గ్రుచ్చి బ్లూగిల్ అను మంచినీటి చేపను పట్టుట అచట పిల్లలు, పెద్దలు కూడి చేయు వేడుక. మన తెలుగు కుటుంబములు పెక్కులు ఆ దేశమున కాపురమున్నవి. పిల్లల పోరు పడలేక ఆ పెట్టెను ఇంటికి తెచ్చుకొను సోదరీమణుల కొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బ్లూగిల్ అరచేయంత చేప. నోరు మిక్కిలి చిన్నది. వసంతము చివరను, వేసవిలోను లోతులేని నీట పళ్ళెముల వంటి గుంటలు చేసికొని గ్రుడ్లు పెట్టును. మగచేప వానికి కావలి కాయును. ఆ దినములలో గట్టునకు చేరువగా నుండుటచేత చిన్నపిల్లలకు సైతము చిక్కును. నీట బడిన పురుగు దానికి సహజాహారము. కాళ్ళు కదల్చు కీచురాయిని చూచి ఊరకుండుట అరుదు.

సన్నని తీగెతో చేసిన చిన్న కొక్కెమును తల వెనుకనున్న గట్టి పెంకు క్రిందుగా దూర్చవలెను. కడుపున గ్రుచ్చినచో పురుగు త్వరగా చచ్చును, మెత్తని యొడలు ఊడి నీటిపాలగును. కొక్కెమునకు జానెడు పైన చిన్న సీసపు పూస, దానికి పైన చిన్న బెండు చాలును.

స్త్రీలకు గాలముతో నేమి పని యని కొందరందురు. 1496లో ఇంగ్లండున అచ్చయిన గాలపువేట గ్రంథము, ఏ నెలకు ఏ యెర తగునో చెప్పునది, జూలియానా బర్నర్సు అను సన్యాసిని రచనయని చిరకాలము చెప్పుకొనిరి. అందుకు గట్టి ఆధారము లేదని పండితుల మాట. అది యెట్లున్నను, కీచురాళ్ళ విషయమున నేర్పంతయు గాలములో గాక పెట్టెలో నున్నది. పెట్టె గృహిణి కంటబడక మానదు.

జీవముతోనున్న పురుగును గ్రుచ్చుట పాపము గాదా యని యడుగు తల్లులు గలరు. ఆ ప్రశ్నను మేము త్రోసివేయము. వలదనుకొన్నవారు గాలమునే మానవచ్చును. కాని పది పురుగులతో తీరు పనికి నూరు కొని, తక్కిన తొంబదిని మూతపెట్టెలో ఉక్కి చావనిచ్చుట గాలముకంటె క్రూరమని మా యభిప్రాయము. వానిని చంపునవి ముఖ్యముగా తేమ, ఇరుకు, మురికి. గాలి యాడు పెట్టెలో కోడిగ్రుడ్లు అమర్చు అట్టపలకలను నిలువుగా పెట్టినచో ఎక్కి దాగుటకు చోటు దొరకును. తిండికి తవుడు చాలును. గిన్నెతో నీరు పెట్టరాదు, అందుబడి మునిగిపోవును. బంగాళదుంప ముక్కయో, తడిపిన స్పాంజియో ఉంచవలెను. చచ్చినవానిని ప్రతిదినము ఏరివేయవలెను. దోమలమందు పూసిన చేతులతో ముట్టరాదు. మగపురుగు రెక్కలు రాచి కూయును గావున, పెట్టెను పడకగదికి దూరముగా నుంచుట ఇంటివారందరికి మేలు.

కొనుట మాని పెంచుకొనువారును గలరు. వెనుక సూదివంటి పొడవైన అవయవము గలది ఆడది. దానితో తడిమట్టిలో గ్రుడ్లు దించును. మంచి వెచ్చదనమున్న యెడల రెండు వారములలో పిల్లలు పొదుగును, మరి ఆరేడు వారములకు పెద్దవగును.

ఈ మురికి సంగతి ఇంటి పెట్టెతో తీరునది కాదు. కీచురాళ్ళను లక్షలకొలది పెంచి యమ్ము శాలలు ఆ దేశమున గలవు. 2010 ప్రాంతమున వానికి డెన్సోవైరస్ అను తెగులు తగిలెను. యూరపులో అంతకుముందే కనబడిన తెగులిది. పురుగులు వెల్లకిల పడి, కదలలేక చచ్చెను. కొన్ని శాలలు మూతపడి, వానినే నమ్ముకొన్నవారు జీవనము కోల్పోయిరి. మరికొందరు తెగులును తట్టుకొను వేరు జాతులకు మారిరి. ఇది మనుష్యులకు సోకదు. అయినను క్రొత్తగా కొన్నవానిని పాతవానిలో కలుపక, పెట్టెను కడిగి యెండబెట్టిన పిమ్మటనే నింపుట మంచిది.

మిగిలినవానిని జాలిపడి తోటలో విడుచుట పిల్లలకు తోచు పని. అట్లు విడువరాదు. అంగటి పురుగులు ఆ నేలకు చెందనివి కావచ్చును, తెగులును మోసికొని పోవచ్చును. పొరుగింట కోళ్ళున్నచో వానికి వేయవచ్చును. లేనియెడల తవుడు మార్చి, మరుసటి ఆదివారము వరకు కాపాడుకొనవచ్చును.