పోపులపెట్టె ముందు కెమేరా

వంటింట్లో ఫోటో అనగానే మనకు గుర్తుకు వచ్చేది పండుగనాటి విస్తరి, లేదా పెళ్ళి భోజనాల బంతి. తిరగమోతలో వేసే ఒక్క ఆవగింజను, ఒక ఉప్పు పలుకును, కోసిన బెండకాయ చక్రాన్ని ఎదుట పెట్టుకొని ఎవరైనా ఫోటో తీస్తారా? తీస్తే మాత్రం అందులో చూడటానికి ఏముంటుంది? మొన్నటి వేసవి సెలవుల దాకా నేనూ ఇలాగే అనుకొనేదాన్ని.

మా కుటుంబం కోయంబత్తూరులో స్థిరపడి నాలుగు తరాలయింది. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. మా అమ్మాయికి పదకొండేళ్ళు. అది మాటలాడే తెలుగులో సగం సామానుల పేర్లు అరవమే. మా అత్తగారికి ఎనభై రెండు. ఈ మధ్య ఆమెకు చూపు మందగించింది. పెద్దవి కనిపిస్తాయి, చిన్నవి కనిపించవు. ఒకప్పుడు చేటలో బియ్యం పోసుకొని కబుర్లు చెబుతూనే రాళ్ళేరిన మనిషి, బియ్యానికీ నూకకూ తేడా తెలియక చేట పక్కన పెట్టేశారు. "నాకిక వంటింట్లో పనేమున్నదిలే" అని ముందు గదిలోనే కూర్చునేవారు. పెద్దావిడను శ్రమ పెట్టడం ఎందుకని మేమూ ఏదీ అడగటం మానేశాము. అది పొరపాటని అప్పుడు తోచలేదు.

సెలవుల్లో ఒకనాడు అమ్మాయి నా సెల్‌ఫోను తీసుకొని పోపులపెట్టె దగ్గర చేరింది. ఫోను కెమేరాకు చిన్న భూతద్దం ఆనించి, తెల్లని పళ్ళెంలో ఆవాలు పోసి ఫోటో తీసింది. దానిని టెలివిజను తెర మీద పెట్టి, "అవ్వా, ఇదేంటో చెప్పు చూద్దాం!" అన్నది.

అత్తగారు ముందుకు వంగి చూశారు. "తాటిపండ్లలాగున్నవే!" అన్నారు.

"కాదవ్వా, కడుగు!"

"తాటిపండ్లను కడగడమెందుకే?"

అరవంలో కడుగంటే ఆవాలని ఆమెకు తెలియదా? మనుమరాలి నోట తెలుగు మాట పలికించాలనే ఆ వేళాకోళం. పిల్ల నవ్వుతూ "ఆవాలు" అన్నది. ఆనాటి నుండి ఇంట్లో అదొక ఆటయింది. రోజుకొక ఫోటో. అవ్వ గుర్తు పట్టాలి, పిల్ల తెలుగులో పేరు చెప్పాలి. ఒంటి నిండా నిలువు గీతలున్నది జీలకర్ర. ఒక పక్కన గాడి ఉన్నది మెంతిగింజ. అయిదు గదుల చక్రం బెండకాయ.

పది రోజులు గడిచిన తరువాత పెసల ఫోటో వచ్చింది. అత్తగారు చూచి, "గింజల మీద ఆ తెల్లని చుక్కలేమిటి?" అని అడిగారు. మేమెవ్వరం వాటిని గమనించలేదు. "అవి పురుగు పెట్టిన గుడ్లే. పిల్లలు పుట్టి గింజ లోపలికి తొలుచుకొని పోతవి. డబ్బా మొత్తం ఇవాళే ఎండలో పోయండి" అన్నారు. డబ్బా దించి చూస్తే అడుగున కొన్ని గింజలకు అప్పుడే గుండ్రని కన్నాలు పడి ఉన్నవి. కళ్ళు బాగున్న మాకు కనబడనిది, చూపు తగ్గిన ఆమెకు కనబడింది. చాలా రోజుల తరువాత ఆ సాయంత్రం అత్తగారు వంటింట్లోకి వచ్చి పీట వేసుకొని కూర్చున్నారు.

ఇది పిల్లల ఆట మాత్రమే అనుకోకండి. తినే వస్తువులను దగ్గరగా చూపి పేరు పొందిన మహనీయులున్నారు. అమెరికాలో ఎడ్వర్డ్ వెస్టన్ అనే ఛాయాచిత్రకారుడు 1930లో ఒక బెంగుళూరు మిరపకాయను ఫోటో తీశాడు. అదే కాప్సికం. కొద్ది రోజులలో వరుసగా ఎన్నో ఫోటోలు తీయగా, వాటిలో 'పెప్పర్ నంబర్ 30' అనేది జగత్ప్రసిద్ధమయింది. అది చూస్తే మిరపకాయ అనిపించదు. కండలు తిరిగిన మల్లుడెవరో వంగి కూర్చున్నట్లుంటుంది. ఇంతకూ ఆయన వాడిన ఉపాయమేమిటి? ఒక రేకు గరాటు! గరాటు నోటిలో కాయను కూర్చోబెట్టాడు. రేకు మీద పడిన వెలుగు అన్ని వైపుల నుండి మెత్తగా కాయ మీదికి వచ్చింది. గరాటు లేని ఇల్లు మనలో ఉన్నదా?

జపాను దేశస్థుడు తనాకా తత్సుయా దారి మరొకటి. 2011 నుండి ఆయన రోజుకొకటి చొప్పున చిత్రాలు తీస్తున్నారు. గోరంత మనుష్యుల బొమ్మల పక్కన బ్రోకలీ రెమ్మ పెడితే అది మహావృక్షమవుతుంది. మనకు కొలువు బొమ్మలున్నవి గదా! వాటిలో చిన్నదాన్ని రాగిపిండి కుప్ప ముందు నిలబెట్టి, కెమేరాను నేలకు దించి చూడండి. ఆ కుప్ప కొండయి కూర్చుంటుంది.

ఇక చేసే పద్ధతి చెబుతాను. ఖర్చేమీ లేదు.

మొదటిది వెలుగు. ఫోనులోని ఫ్లాషు ఆపివేయండి. ఉదయం కిటికీ పక్కన బల్ల వేసి, వెలుగు ఒక పక్క నుండి పడేటట్లు వస్తువును పెట్టండి. పక్క వెలుగులోనే గీతలు, గరుకుదనం తేలి కనిపిస్తవి. రెండో పక్క మరీ చీకటిగా ఉంటే ఒక తెల్ల కాగితం నిలబెడితే చాలు.

రెండవది నిలకడ. వస్తువును పెద్దది చేసి చూపినట్లే, చేతి వణుకును కూడా కెమేరా పెద్దది చేస్తుంది. ఫోనును రెండు డబ్బాల మధ్య ఆనించి, కొన్ని క్షణాలు ఆగి తనంతట తాను తీసే ఏర్పాటు వాడండి.

మూడవది దూరం. కెమేరా దగ్గరయ్యే కొద్దీ స్పష్టంగా కనబడే మందం తగ్గిపోతుంది. ఒక్కోసారి అది నూలుపోగంతే ఉంటుంది, ముందు వెనుకలు మసకబారుతవి. కనుక బెండకాయ చక్రం వంటి దానిని కెమేరాకు సమంగా, ఎదురెదురుగా పెట్టాలి. వెస్టన్ కూడా ఇందుకోసమే కటకం ముందున్న రంధ్రాన్ని బాగా కుదించి, వెలుగు చాలక చాలాసేపు ఫిలిమును తెరచి ఉంచవలసి వచ్చింది. ఆ బాధ మనకు లేదు.

నాలుగవది పీఠం. నల్లని పెనం మీద బియ్యం, మెత్తని ఉప్పు బాగుంటవి. మెత్తని ఉప్పును దగ్గరగా చూడండి. చాలా పలుకులు నలుపలకలుగా, చిన్న పెట్టెల మాదిరి ఉంటవి. ఉప్పులోని అణువులే అట్లా పెట్టెలు పేర్చినట్లు అమరి ఉంటవి మరి.

ఇంకొక వినోదం. గాజు గిన్నెలో నీళ్ళు పోసి నాలుగు చుక్కల నూనె వేయండి. గిన్నెను రెండు గ్లాసుల మీద ఎత్తి, కింద రంగుల చీర పరచి పైనుండి తీయండి. ఒక్కొక్క నూనె చుక్కలో చీర రంగులు చేరి, ఆకాశంలో గ్రహాలు తేలినట్లుంటుంది.

ఒక నియమం మాత్రం మా అత్తగారిది. ఫోటో పేరు చెప్పి ఒక్క గింజ పారవేయకూడదు. బెండకాయ కూరలోకి, ఆవాలు తిరగమోతలోకి వెళ్ళవలసిందే. వెస్టన్ కూడా తాను ఫోటో తీసిన గుమ్మడికాయను, అరటిపండ్లను తినేసినట్లు తన దినచర్యలో వ్రాసుకొన్నాడని మొన్న ఆమెకు చెప్పాను. "బుద్ధిమంతుడే!" అన్నారు.

ఈ ఆదివారం మీ ఇంట్లోనూ పోపులపెట్టె మూత తీసి చూడండి. పిల్లలను ఫోటోలు తీయనివ్వండి, పేర్లు మాత్రం పెద్దవారిని అడగండి. అడిగేవారు లేక ఆ పేర్లు వారి దగ్గరే ఉండిపోతున్నవి.