ఆఫ్రికా ఒక దేశం కాదు: తెలిసి ప్రార్థిద్దాం

"ఆఫ్రికా దేశం కోసం ప్రార్థన చేద్దాం." ఈ మాట మన ఉపవాస ప్రార్థనల్లో, మిషనరీ ఆదివారాల్లో తరచుగా వినబడుతుంది. ఆ మాట వెనుక ఉన్న ప్రేమ నిజమైనది, దానిని మేము తక్కువ చేయడం లేదు. అయితే ఆఫ్రికా ఒక దేశం కాదు. ఐక్యరాజ్య సమితిలో సభ్యత్వం ఉన్న 54 దేశాలు కలిసిన ఖండం. ఎవరైనా "ఆసియా దేశం కోసం ప్రార్థిద్దాం" అంటే, జపానా, అరేబియానా, మన ఇండియానా అని వెంటనే అడుగుతాం. ఆఫ్రికా విషయంలో ఆ ప్రశ్న మనకు తోచదు. అందుకే ప్రియ పాఠకులారా, ఈ వారం ఆ ఖండపు పటాన్ని మీ ముందు విప్పి పెడుతున్నాం.

ముందుగా దాని పరిమాణం. చాలా స్కూళ్లలో, సండేస్కూలు గదుల్లో గోడకు వేలాడే ప్రపంచ పటం 1569లో మెర్కేటర్ అనే పటకారుడు ఓడ నావికుల కోసం గీసిన పద్ధతిని అనుసరించినది. ఆ పద్ధతిలో ధ్రువాల దగ్గరి ప్రదేశాలు ఉన్నదానికన్నా ఎంతో పెద్దవిగా, భూమధ్యరేఖ దగ్గరివి చిన్నవిగా కనబడతాయి. అందులో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు సమానంగా ఉంటాయి. నిజానికి ఆఫ్రికా గ్రీన్‌లాండ్‌కు సుమారు 14 రెట్లు. దాని వైశాల్యం దాదాపు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు. మన ఇండియా వంటివి తొమ్మిది అందులో ఇముడుతాయి. అక్కడ మాట్లాడే భాషలు రెండు వేలకు అటూ ఇటూ ఉంటాయని అంచనా.

ఇంత పెద్ద ఖండాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. భూమధ్యరేఖ ఆఫ్రికా నడిమధ్య నుండి పోతుంది. ఆ రేఖ దగ్గర వానలు ఎక్కువ కనుక కాంగో అడవి పెరిగింది. అమెజాన్ తరువాత లోకంలో అంత పెద్ద వర్షారణ్యం మరొకటి లేదు. అక్కడి నుండి ఉత్తరానికి వెళ్లినా, దక్షిణానికి వెళ్లినా వాన తగ్గుతూ గడ్డి మైదానాలు వస్తాయి. ఆ తరువాత ఎడారులు: ఉత్తరాన సహారా, దక్షిణాన కలహారి, నమీబ్. రెండు చివరలా చలికాలంలో వానలు పడే తీరాలు, ద్రాక్షతోటలు ఉంటాయి.

ఐక్యరాజ్య సమితి ఈ ఖండాన్ని ఐదు ప్రాంతాలుగా లెక్కిస్తుంది. మొదటిది ఉత్తర ఆఫ్రికా: ఈజిప్టు, సూడాన్, లిబియా, ట్యునీసియా, అల్జీరియా, మొరాకో. ఇక్కడి ప్రజల్లో అత్యధికులు ముస్లింలు. అయినా ఈజిప్టులో కోప్టిక్ క్రైస్తవులు తొలి శతాబ్దాల నుండి నేటివరకు నిలిచి ఉన్నారు.

రెండవది పశ్చిమ ఆఫ్రికా. సెనెగల్ నుండి నైజీరియా వరకు 16 దేశాలు. మనం తినే చాకొలెట్‌కు మూలమైన కోకో లోకంలో అన్నిటికన్నా ఎక్కువగా పండేది ఇక్కడి ఐవరీ కోస్టులో. సహారాకు దక్షిణపు అంచున సాహెల్ అనే మెట్ట పట్టీ సెనెగల్ నుండి ఎర్ర సముద్రం వైపు సాగుతుంది. వాన తక్కువైన ఏడు పశువులు మేపేవారు దక్షిణానికి దిగుతారు, అక్కడ పొలాలు దున్నుకునేవారితో నీటికోసం, నేలకోసం తగాదాలు వస్తాయి. నైజీరియా నడుమనున్న రాష్ట్రాల నుండి మనం వినే దాడుల వార్తల్లో మతంతో పాటు ఈ నేల తగాదా కూడా కలిసి ఉంటుంది. ఈ రెండూ తెలిస్తేనే అక్కడి సంఘాల బాధ మనకు సరిగా అర్థమవుతుంది.

మూడవది మధ్య ఆఫ్రికా. కాంగో అడవి, కాంగో నది ఇక్కడివే. మన సెల్‌ఫోన్ బ్యాటరీల్లో వాడే కోబాల్టులో సగానికి పైగా కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్ గనుల నుండే వస్తుంది. భూగర్భంలో అంత సంపద ఉన్న ఆ దేశపు తూర్పు భాగంలో ఏళ్ల తరబడి పోరాటాలు ఆగడం లేదు.

నాలుగవది తూర్పు ఆఫ్రికా. కెన్యా, టాంజానియా, ఇథియోపియా, ఉగాండా, రువాండా వంటి దేశాలతో పాటు మడగాస్కర్, మన తెలుగువారు తరతరాలుగా ఉంటున్న మారిషస్ కూడా ఈ లెక్కలోకి వస్తాయి. "ఆఫ్రికా అంటే మండే ఎండ" అనుకునేవారు ఒకటి గమనించాలి: ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా మన ఊటీ కన్నా ఎత్తున ఉంది.

ఐదవది దక్షిణ ఆఫ్రికా ప్రాంతం. ఇందులో ఐదు దేశాలు: సౌత్ ఆఫ్రికా, నమీబియా, బోట్స్వానా, లెసోతో, ఎస్వాతినీ. లెసోతో చుట్టూ నాలుగు వైపులా సౌత్ ఆఫ్రికాయే ఉంటుంది.

ఈ పటాన్ని పరిశుద్ధ గ్రంథం పక్కన పెట్టి చూస్తే, మనకు బాగా తెలిసిన పేర్లు కొత్తగా కనబడతాయి. ప్రభువు సిలువను మోసిన సీమోను ఊరు కురేనే నేటి లిబియాలో ఉంది. పౌలును, బర్నబాను సేవకు పంపిన అంతియొకయ సంఘపు ప్రవక్తలు, బోధకులలో కురేనీయుడైన లూకియ ఒకడు. అపొల్లో పుట్టిన అలెక్సంద్రియ ఈజిప్టులోనిది. మన కొత్త నిబంధనలోని 27 పుస్తకాలనే, ఎక్కువ తక్కువ లేకుండా పేర్కొన్న తొలి జాబితా 367లో అదే అలెక్సంద్రియ బిషప్ అథనాసియస్ రాసిన ఉత్తరంలో ఉంది. అగస్టీను బిషప్‌గా సేవచేసిన హిప్పో నేటి అల్జీరియాలోని అన్నాబా. సువార్త ఐరోపా మిషనరీల చేతుల మీదుగానే ఆఫ్రికాకు మొదట చేరిందనుకోవడం పొరపాటు. మన విశ్వాసపు పునాదిరాళ్లలో కొన్ని ఆఫ్రికా నుండి వచ్చినవే.

మరొక పేరు దగ్గర కొంచెం ఆగాలి. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఫిలిప్పు బాప్తిస్మమిచ్చిన ఐతియొపీయుడు నేటి ఇథియోపియావాడని చాలామంది అనుకుంటారు. ఆనాడు ఐతియొపీయ అన్నది ఐగుప్తుకు దక్షిణాన నైలు వెంబడి ఉన్న దేశం, పాత నిబంధనలోని కూషు. కందాకే అన్న బిరుదుగల రాణుల రాజధాని మెరోయే. దాని శిథిలాలు ఇప్పుడు సూడాన్‌లో ఉన్నాయి. గోతిలో నుండి యిర్మీయాను తాళ్లతో పైకి లాగించిన ఎబెద్మెలెకు కూడా కూషీయుడే.

ఆ సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. కోటిమందికి పైగా ఇళ్లు విడిచిపోయారు. ఇంతటి విపత్తు మన వార్తాపత్రికల్లో లోపలి పేజీల్లో కనబడీ కనబడకుండా పోయింది. మన ప్రార్థనల్లో కూడా సూడాన్ పేరు ఎంత అరుదుగా వినబడిందో మనమే ఆలోచించుకోవాలి. "ఆఫ్రికాలో ఎప్పుడూ యుద్ధాలే కదా" అన్న ఒక్క మాట చాలు, మన మనసు అక్కడితో ఆగిపోవడానికి. పేరు తెలియని చోటి కష్టం మనల్ని ఎక్కువసేపు పట్టి ఉంచదు.

తెలియకపోవడం వలన జరిగే నష్టానికి మరో ఉదాహరణ ఉంది. 2014లో పశ్చిమాన గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో ఎబోలా ప్రబలినప్పుడు, తూర్పున ఉన్న కెన్యాకు వెళ్లవలసిన పర్యాటకులు ఎందరో తమ ప్రయాణాలు రద్దు చేసుకున్నారు. లైబీరియా రాజధానికి, కెన్యా రాజధానికి మధ్య దూరం ఐదు వేల కిలోమీటర్లకు పైనే. వ్యాధి చేరని చోట కూడా జనం ఉపాధి పోయింది.

ఆఫ్రికాతో మన తెలుగు సంఘాలకు ఉన్న బంధం కూడా చిన్నది కాదు. 1860 నుండి మద్రాసు ఓడరేవు మీదుగా వేలాది తెలుగువారు, తమిళులు కూలి ఒప్పందాల మీద సౌత్ ఆఫ్రికాలోని నాటాలుకు వెళ్లారు. తోటల్లో పనిచేసే ఆ తెలుగువారి కోసం 1903లో ఇక్కడి తెలుగు బాప్తిస్టులు తమ సొంత మిషనరీగా జాన్ రంగయ్య గారిని పంపారు. ఆయన 1915లో చనిపోయేవరకు అక్కడే సేవచేశారు. మన పెద్దలు "ఆఫ్రికాకు" అని ఊరుకోలేదు. ఏ తీరానికి, ఏ తోటలకు, ఏ జనానికి పంపుతున్నారో వారికి తెలుసు.

ఇప్పుడు ఆ ఖండంవారే మన దగ్గరకు వస్తున్నారు. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లో ఆఫ్రికా దేశాల విద్యార్థులు చదువుకుంటున్నారు. వారిలో కొందరు ఆదివారం మన ఆరాధనకు కూడా వస్తారు. వీధిలో వారిని రంగును బట్టి పిలిచే మాటలు, ఇల్లు అద్దెకివ్వడానికి చెప్పే సాకులు మనకు తెలియనివి కావు. ఖండమంతటికోసం మోకరించి, పక్క బెంచీమీద కూర్చున్న ఒక్క సహోదరుణ్ణి పలకరించకపోతే ఆ ప్రార్థనకు అర్థమేమిటి?

కాబట్టి సంఘాలకు మా విన్నపం చిన్నదే. సండేస్కూలు గదిలో దేశాల పేర్లున్న ఆఫ్రికా పటం ఒకటి పెట్టండి. వారానికి ఒక ప్రాంతం చొప్పున ఐదు వారాల ప్రార్థనలో ఐదు ప్రాంతాలను తీసుకోండి. ప్రతి ప్రాంతంలో ఒక దేశాన్నైనా పేరు పెట్టి ప్రభువు సన్నిధిలో జ్ఞాపకం చేయండి. మొదటి వారం సూడాన్‌తో మొదలుపెట్టవచ్చు. మీ సంఘానికి ఆఫ్రికా విద్యార్థి ఎవరైనా వస్తుంటే, "నీది ఏ దేశం, బాబూ? ఏ ఊరు? ఇంటి దగ్గర అందరూ క్షేమమా?" అని అడగండి. వచ్చిన జవాబును ఆ వారపు ప్రార్థన అంశాల్లో రాసుకోండి.